తొమ్మిదో ప్రశ్నకు జవాబు

“ఈ ప్రశ్న రాసిన మహానుభావుడు ఎవురండీ?”

కంప్యూటర్ మీద నుంచి తలెత్తి చూశాను. గుమ్మంలో ఒకమ్మాయి. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో కాగితం. చెప్పులు బయటే విప్పినా పాదాల నిండా బురదే. బయట సన్నగా వాన పడుతోంది. ఆమె ముఖంలో మాత్రం మే నెల ఎండ.

“నేనేనండీ” అన్నాను, కాస్త గర్వంగానే.

గర్వపడక ఏం చేస్తాను? మా ఎమ్మెల్యే పద్మనాభయ్య గారి దగ్గర నాలుగేళ్ళుగా పీఏని. అసెంబ్లీలో ఆయన అడిగే ప్రతి ప్రశ్నా కోట ఊళ్ళోని ఈ ఆఫీసులో, ఈ కుర్చీలో కూర్చుని ఈ పెంచల్ టైపు చేసిందే. ఆయన సభలో లేచి “అధ్యక్షా” అన్నప్పుడల్లా టీవీ ముందు మా అమ్మ నన్నే చూస్తున్నట్టు మురిసిపోతుంది.

“దిబ్బలపాళెం తూము షట్టర్లు పాడైపోయి, సముద్రం పోటు నీళ్ళు పొలాల్లోకి ఎక్కుతున్న మాట వాస్తవమేనా అని అడిగినారు. ఆ తూముకి పోయిన నెల్లో నేనే దగ్గరుండి గ్రీజు పెట్టించినా. షట్టర్లు బంగారంగా ఉండాయి.”

“మీరెవురండీ?”

“కామాక్షి. ఇరిగేషన్ ఏఈని. మీ ప్రశ్న అసెంబ్లీ నుంచి సెక్రటేరియట్‌కి, ఆడ్నించి నెల్లూరుకి, ఆడ్నించి నా టేబుల్ మీదికి వచ్చింది. జవాబు రాయాల్సింది నేనే.”

“అయితే రైతులు ఫోన్ చేసి మొత్తుకునేది అబద్ధమా?”

“అబద్ధమని ఎవురన్నారు? పాడైంది ఉప్పుకాలువ తూము. అది పక్కన చింతలమిట్ట హద్దులో ఉండాది. ఫోన్ చేసినోళ్ళది దిబ్బలపాళెం కాబట్టి మీరు ఆ ఊరి తూమే రాసేసినారు. ఒక్కసారన్నా వచ్చి చూసినారా?”

చూడలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అయి, “ఒక ఊరు అటూ ఇటూ అయితే ఏమైందిలే మేడం” అన్నాను.

“ఏమైందా? అడిగినదానికే మేం జవాబు రాయాల. (అ) లేదండీ. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. అంతే, అయిపోయె. ఆ రెండు లైన్లు రాసి పంపించేయమ్మా అని మా డీఈ గారు ఒకటే సంబరపడిపోతుండాడు.”

“మరి రాసి పంపకుండా ఈడికెందుకు వచ్చినారు?”

ఆమె కోపం ఒక్కసారిగా చల్లారిపోయింది. హెల్మెట్ బల్ల మీద పెట్టింది.

“ఎందుకంటే నీళ్ళు నిజంగానే ఎక్కుతుండాయి. కొత్త షట్టర్లు కావాలని రెండు తూర్లు పైకి రాసినా. రెండు కాగితాలూ పైనే పడుండాయి. అసెంబ్లీలో ఎవురన్నా అడిగితే కదులుతాయని ఎదురుచూసినా. అడిగినారు. అడిగి అడిగి పక్క ఊరి గురించి అడిగినారు!”

ఆ రోజే ఆమె స్కూటీ వెనకాలే నా బండి మీద చింతలమిట్ట పోయాను. దారంతా వానే. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేను మాత్రం గుంటలు చూసుకోవడం మానేసి ఆమె రెయిన్‌కోటు చూస్తూ పోయి, రెండుసార్లు పడబోయాను.

తూము దగ్గర షట్టర్లు తుప్పుపట్టి జల్లెడలాగా ఉన్నాయి. ఇవతల పొలంలో మస్తానమ్మ ఉంది. అరవై దాటిన మనిషి, ఎకరన్నర ఆసామి. నేను ఎమ్మెల్యే గారి మనిషినని కామాక్షి చెప్పగానే ఆమె వంగి, వరి మొదట్లోని నీళ్ళు దోసిట పట్టి నా ముందుకు చాపింది.

“నోట్లో పోసుకో అబ్బయా.”

పోసుకున్నాను. ఉమ్మేశాను. నాలుక చివర నుంచి గొంతు దాకా ఒకటే ఉప్పు.

“ఈ నీళ్ళు తాగి నా పైరు బతకాలంట” అంది మస్తానమ్మ. “ఈ తూరి గూడా పోతే ఇంక నా వల్ల కాదు నాయనా. రొయ్యల గుంటలోళ్ళకి ఇచ్చేసి, చెన్నైలో బిల్డింగు పనికి పోతా. మా వీధిలో నలుగురు పోనే పోయినారు.”

అరవై ఏళ్ళ మనిషి ఇటుకలు మోయడానికి పోతానంటోంది. నేను ఏసీ గదిలో కూర్చుని ఊరి పేరు తప్పు కొట్టాను. చాలా సిగ్గేసింది.

“తప్పు నాదే మేడం” అన్నాను. “ఇప్పుడు ఏం చేయాల్నో చెప్పండి.”

ఆమె మొదటిసారి నా వైపు తిన్నగా చూసింది. ఆ చూపు కోసం ఇంకో నాలుగు తప్పులు చేయవచ్చనిపించింది. ఛీ, ఆ మాట అనకూడదు లెండి.

ప్రశ్నకు అప్పటికే నెంబరు పడిపోయింది. ఆ రోజు జాబితాలో తొమ్మిదోది. మార్చడానికి లేదు. ఉన్నది ఒక్కటే దారి. మంత్రిగారు జవాబు చదివాక సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న అడగవచ్చు. అలాంటివి వస్తాయని, మంత్రిగారి చేతిలో ఉండటానికి శాఖవాళ్ళు ముందుగానే ఒక నోట్ తయారుచేసి పంపుతారు. అనుబంధ ప్రశ్న రాయాల్సింది నేను. నోట్ రాయాల్సింది ఆమె. రెండూ ఒకదానికొకటి అతకాలి.

కోట బస్టాండులో ఇందిరమ్మ టీ కొట్టు మా సచివాలయం అయింది. సాయంత్రం ఐదున్నరకి ఆమె ఫీల్డు నుంచి వచ్చేది. నేను అప్పటికే రెండు టీలు తాగి ఉండేవాణ్ణి.

“నేను ఎమ్మెల్యేని, మీరు మంత్రి. కానీండి. అధ్యక్షా! ఉప్పుకాలువ తూము వల్ల దెబ్బతిన్న భూమి ఎంత?”

“నూట ఎనభై ఎకరాలు అధ్యక్షా.”

“మంత్రులు అంత టక్కున చెప్పరు మేడం. కొంచెం గొంతు సవరించుకోవాల.”

“మీ ఎమ్మెల్యేలు ఇంత టక్కున అడుగుతారేంది? ముందు పది నిమిషాలు స్పీకరుకి ధన్యవాదాలు చెప్పుకోరూ?”

ఇందిరమ్మ గ్లాసులు పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. “మీరు టీ తాగను వచ్చినారా, గవర్నమెంటు నడపను వచ్చినారా?”

కామాక్షి పడీపడీ నవ్వింది. మా ఇద్దరిదీ ఒకే రకం బతుకని నాకు అప్పుడే తోచింది. నా మాటలు ఎమ్మెల్యే గారి నోట వస్తాయి, ఆమె మాటలు మంత్రిగారి నోట. సభలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే లోకం వింటుంది. మేమిద్దరం మా సొంతంగా ఏం మాట్లాడుకోవాలో మాకే తెలియదు.

“మేడం, ఒక ప్రశ్న అడగనా?”

“అడగండి.”

“తూము గురించి కాదు.”

ఆమె గ్లాసు నెమ్మదిగా కింద పెట్టింది. “ఇన్నేళ్ళ పీఏ మీరు, రూలు తెలీదా? నోటీసు లేకుండా అడిగితే జవాబు రాదు. పదిరోజులు ముందే ఇవ్వాల.”

“అయితే ఈ రోజు ఇచ్చినట్టు రాసుకోండి.”

ఆమె వానకేసి చూస్తూ కూర్చుంది. పెదవి చివర నవ్వు దాచుకోవడం మాత్రం చేతకాలేదు.

సరిగ్గా సభకు రెండు రోజుల ముందు నా నెత్తిన పిడుగు పడింది. వాళ్ళ ఆఫీసులో నాకు తెలిసిన గుమాస్తా ఫోన్ చేశాడు. ఉప్పుకాలువ మీద రాసిన నోట్ చూసి డీఈ గారు మండిపడ్డాడట. రెండుసార్లు పంపినా పైవాళ్ళు పట్టించుకోలేదని సభలో బయటపడితే తన పరువేం కావాలన్నాడట. కామాక్షి మేడం నోట్ వెనక్కి తీసుకుందట.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

“నోట్ వెనక్కి తీసుకున్నారంట, నిజమా?”

“పైకి పోయే నోట్ గురించి ఇంక మీకు చెప్పకూడదు పెంచల్ గారూ. మీరు అడగనూ కూడదు. మీ పని మీరు చేయండి.”

“ఇన్ని రోజులు కూర్చుని రాసింది దేనికి? మస్తానమ్మ ముఖం ఎట్లా చూస్తారు? చివరికి మీరూ ఆఫీసు మనిషే అనిపించుకున్నారు.”



“నేను మీకు అంతేనా?” అంది. ఫోన్ పెట్టేసింది.

సభ రోజు వెలగపూడిలో అసెంబ్లీ సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. సెల్ ఫోన్ బయటే ఇచ్చేయాలి కాబట్టి ఆమెకు ఒక్క మెసేజ్ పెట్టే వీలు కూడా లేదు. పెట్టినా ఏమని పెడతాను?

ప్రశ్నల సమయం గంటే. ఆ గంటలోపు రాని ప్రశ్నలకు అచ్చువేసిన జవాబులే సభ ముందు పెట్టేస్తారు. మా ప్రశ్నకు అచ్చులో ఉన్న జవాబు “లేదండీ”. తొమ్మిదో నెంబరు రాకపోతే తూము బాగున్నట్టే లెక్క. ఆరో ప్రశ్న మీద ఇరవై నిమిషాలు అరుచుకున్నారు. నేను సభను చూడటం మానేసి గడియారం చూడటం మొదలుపెట్టాను. గంట కావడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయనగా స్పీకర్ గారు తొమ్మిది అన్నారు.

మంత్రిగారు లేచారు. “(అ) లేదండీ. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.”

పద్మనాభయ్య గారు లేచి, నేను రాసిచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు ప్రాణం పోయినంత పనయింది.

“అధ్యక్షా, ప్రశ్నలో ఊరి పేరు తప్పుపడింది. తప్పు మాదే. నేను అడుగుతున్నది చింతలమిట్ట ఉప్పుకాలువ తూము గురించి. ఆ నీళ్ళు మా పీఏ తాగి వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తూము సంగతి శాఖకు తెలుసా, తెలియదా?”

మంత్రిగారు కాగితాలు తిరగేస్తున్నారు. నోట్ లేకపోతే వచ్చే మాట నాకు తెలుసు. వివరాలు తెప్పించుకుని చెబుతాం అంటారు, అంతే, ఇంకో ఏడాది. ఆయన ఒక కాగితం బయటికి లాగారు.

“తెలుసు అధ్యక్షా. స్థానిక ఏఈ పదకొండు రోజులపాటు పోటు వచ్చే వేళకు తూము దగ్గరే ఉండి స్వయంగా కొలతలు తీశారు. నూట ఎనభై ఎకరాలు దెబ్బతిన్నాయి. షట్టర్లు మార్చాలని గతంలో రెండుసార్లు రాశారు, తేదీలున్నాయి. ఈ వివరాలకు పూర్తి బాధ్యత తనదేనని ఒక్కరే సంతకం చేశారు.” ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. “వచ్చే వేసవిలోపు కొత్త షట్టర్లు పెట్టిస్తామని సభకు హామీ ఇస్తున్నాను అధ్యక్షా.”

నేను తల రెండు చేతుల్లో పట్టుకున్నాను. ఆమె నోట్ వెనక్కి తీసుకున్నది కొలతలు చేర్చడానికి. డీఈ గారు సంతకం పెట్టనంటే ఒక్కతే పెట్టడానికి. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కాలేదు. అలాంటి మనిషినా నేను ఆ మాట అన్నది?

గూడూరులో రైలు దిగి తిన్నగా చింతలమిట్ట పోయాను. తూము గట్టు మీద కామాక్షి, పక్కన మస్తానమ్మ. సభ ఫోన్లో చూశారట. మస్తానమ్మ నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. కామాక్షి కొలత బద్ద వంక చూస్తోంది.

“నోటీసు ఇచ్చి పన్నెండు రోజులయింది మేడం” అని కాగితం చేతికిచ్చాను. రైల్లో రాసింది.

ఆమె పైకే చదివింది. “(అ) పెంచల్ అనే వ్యక్తి నిజం తెలుసుకోకుండా ఫోన్లో నోరు పారేసుకున్న మాట వాస్తవమేనా? (ఆ) అయితే అతనిపై తీసుకునే చర్యలేమిటి? (ఇ) అతణ్ణి పెళ్ళి చేసుకునే ప్రతిపాదన ఏదైనా ఉందా?”

“అమ్మాయ్, ఏందది?” అంది మస్తానమ్మ.

“ఏం లేదత్తా, ఆఫీసు కాగితం.” కామాక్షి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “ఆ రోజు రాత్రంతా ఏడ్చినా తెలుసా మీకు? డీఈ గారు తిట్టినప్పుడు రాలేదు ఏడుపు.”

“బుద్ధొచ్చింది. నన్ను తిట్టండి. ఎంతసేపైనా పడతా.”

“(అ) అవునండీ” అంది. “(ఆ) ఇక మీద టీ డబ్బులు అతనే ఇవ్వాల.”

“(ఇ)?”

ఆమె కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. “మస్తానమ్మత్త పొలంలో నీళ్ళు చప్పబడిన రోజు చెప్తా. హామీ ఇచ్చినంత మాత్రాన షట్టర్లు నడిచొస్తాయా? వెంటపడండి.”

“అంటే ఏడాది!”

“గవర్నమెంటు పని. తొందరేంది?”

వెంటపడ్డాను. సభలో ఇచ్చిన హామీలు చూసే కమిటీకి నెలకో ఉత్తరం రాశాను. నెల్లూరు ఆఫీసులో అటెండర్లు నన్ను చూస్తేనే లేచి ఫైలు వెతికేవాళ్ళు. పెళ్ళి కోసం ఇంతగా ఎవరూ తిరిగి ఉండరని ఇందిరమ్మ అనేది. మే నెలాఖర్లో షట్టర్లు దిగాయి. కార్తీకంలో వానలు దంచికొట్టి పొలాలను కడిగిపోశాయి.

ఒకరోజు పొద్దున మస్తానమ్మ కబురు పెట్టింది. ఏడాది కింద నిలబడ్డ చోటే నిలబడ్డాను. పచ్చటి నారు మొదట్లోంచి ఆమె దోసిట నీళ్ళు పట్టింది.

“పోసుకో అబ్బయా.”

పోసుకున్నాను. మట్టి వాసన, ఆకు వాసన. నాలుక మీద ఇంకేమీ లేదు. ఇంకో దోసిలి అడిగి మింగేశాను.

“చప్పగా ఉండాయి” అన్నాను.

కామాక్షి ఫైలు తెరిచి ఆ కాగితం తీసి ఇచ్చింది. నా (ఇ) కింద ఆమె చేతి రాత. “అవునండీ.” కింద సంతకం. సంతకం కింద తేదీ. నేను రైలు దిగి పరుగెత్తుకుంటూ వచ్చిన ఆ రోజు తేదీ!

“ఏడాది కిందటే రాసేసినారా?”

“జవాబు ముందే రాసి పెట్టుకుంటాం. సభ ముందుకు వచ్చేది చెప్పిన రోజునే. ఆ మాత్రం తెలీదా నీకు?”

నీకు అంది. ఏడాదిగా నన్ను గారూ, మీరూ అని పిలిచిన మనిషి.

“రేపు కొడవలూరు మా ఇంటికి రా” అంది స్కూటీ ఎక్కుతూ. “మా నాయన కూర్చోబెట్టి అనుబంధ ప్రశ్నలు అడుగుతాడు. నోట్ రాసుకుని రా. ఈసారన్నా ఊరి పేరు సరిగ్గా రాయి.”