కాలిబాట మీద కారు

షూ లేసులు కట్టుకుంటూనే ఆయన తిట్లు లంకించుకున్నాడు.

"ఆ పిండివాడి డబ్బా చెబితే నేను స్టీరింగ్ తిప్పాలా? ఎవరనుకుంటున్నాడు నన్ను?"

పిండివాడంటే కాబోయే అల్లుడు. ఈ పరాయి దేశంలో బేకరీ నడుపుతున్నాడు. డబ్బా అంటే దారి చూపించే జీపీఎస్. అద్దె కారులో మామగారు ఇబ్బంది పడకూడదని నిన్న అతనే రిజిస్ట్రారు ఆఫీసు చిరునామా ఎక్కించి మరీ ఇచ్చి వెళ్లాడు. పదకొండింటికి అక్కడ పెళ్లి. ఆలస్యమైతే వెనకున్న జంటను పిలిచేస్తారు. మళ్లీ తేదీ దొరికేసరికి వీళ్ల వీసా గడువు తీరిపోతుంది.

"మీ గొప్పతనం ఎక్కడికీ పోదు గానీ, ముందు కదలండి," అంది భార్య.

ఆయనకు సొంత ఊళ్లో డ్రైవింగ్ స్కూలుంది. అక్కడ సగంమంది ఆయన తిట్లు తిని లైసెన్సు తెచ్చుకున్నవాళ్లే. ఒక్క కూతురే తెచ్చుకోలేదు. "నీ చేతికి బండిస్తే రోడ్డు మీద కుక్క కూడా మిగలదు," అని పదిమందిలో అనేసరికి కారు దిగిపోయిన పిల్ల, ఆయన ఉండగా మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

పెద్ద రోడ్డు ఎదురుగా కనిపిస్తుంటే డబ్బా సందులోకి తిరగమంది.

"సందులోకంట! సరే తల్లీ, నీ మాటే కానీ," అంటూ తిప్పాడు. సందు సన్నబడింది. అద్దాలకు గోడలు రాసుకునేంత దగ్గరకొచ్చాయి. ఎదురొచ్చే ఆడవాళ్లు గుమ్మాల్లోకి తప్పుకుని ఏదో తిడుతున్నారు. ఆయన మాత్రం హుషారుగా ఉన్నాడు. "చూశావా నీ అల్లుడి తెలివి! చూశావా!"

చివరికి కారు కాలవగట్టున ఆగిపోయింది. ముందు రాతి మెట్లు, వాటిపైన మనిషి మాత్రమే పట్టే వంతెన. డబ్బా చల్లగా వంతెన దాటమంది.

ఆవిడ దాన్ని లాక్కుని చూసింది. తెర మూలన చిన్న బొమ్మ ఉంది. నడుస్తున్న మనిషి బొమ్మ.

"నిన్న సాయంత్రం దీని సంగతి తేలుస్తానని మందుల షాపు దాకా పట్టుకుని నడిచారే, అప్పుడు నడక మీద పెట్టింది మీరే. మళ్లీ మార్చలేదు."

"కారులో ఉన్నామని దానికి తెలియొద్దూ?"

"ఇక చాలు!" ఆవిడ గొంతు అంత లేవడం ఆయనెప్పుడూ వినలేదు. "దారి తప్పుతుంటే మీ మొహం వెలిగిపోయింది. నేను చూశాను. పెళ్లి ఆగిపోయినా ఫరవాలేదు, ఆ అబ్బాయి వెధవని తేలితే చాలు మీకు. ఊళ్లోవాళ్లను ఫీజు పుచ్చుకుని తిట్టారు. కన్నకూతుర్ని ఊరికే తిట్టారు."

ఆవిడ కూతురికి ఫోన్ చేసింది.

ఆయన కారును ఎలాగో సందు మొదట్లోకి వెనక్కి తీసుకొచ్చేసరికి బేకరీ వ్యాను వచ్చి ఆగింది. పెళ్లిబట్టల్లో, స్టీరింగ్ ముందు కూతురే!

"నువ్వా? ఎవరు నేర్పారు?"

"ఆయనే. షాపులకు రొట్టెలు వేసొచ్చాక రోజూ," అంది తండ్రి మొహం చూడకుండా. "వెనకే రండి నాన్నా. టైము లేదు."

"కొంప ముంచుతుంది చూడు," అని గొణుగుతూనే వెంబడించాడు. తప్పుపట్టడానికే చూస్తున్నాడు. మలుపు ఇంకా ఎక్కడో ఉండగానే వ్యాను ఇండికేటర్ వెలిగింది. సిగ్నల్ దీపం ఎర్రబడేలా ఉంటే, తను దాటగలిగీ ఆగిపోయింది. పక్కబండి మధ్యలో దూరితే నెమ్మదించి కాచుకుంది. గొణుగుడు ఆగిపోయింది.

"మనం తప్పిపోతామని..." అన్నాడు. "ఇంత ఓర్పుగా నేనెవరికీ నేర్పలేదే."



ఆఫీసు ముందు రెండు కార్ల మధ్య ఇరుకు చోటు తప్ప ఏమీ ఖాళీ లేదు. వాకిట్లో పెళ్లికొడుకు గడియారం చూసుకుంటున్నాడు. ఆయన కారు కాస్త వెనగ్గా ఆపి దిగాడు. కూతురు దిగి, తలవంచుకుని తాళాలు చాపింది. "వ్యాను మీరు పెట్టండి నాన్నా. మీరు చూస్తుంటే నాకు చేతులాడవు."

ఆయన తాళాలు పుచ్చుకోలేదు. వ్యాను వెనక్కి వెళ్లి, నడిరోడ్డు మీద నిలబడి, వచ్చే బండ్లన్నిటినీ ఒక చేత్తో ఆపేసి, రెండో చెయ్యి ఊపాడు.

"రానీయమ్మా... రానీయ్... ఇంకా చోటుంది... నేనున్నాగా, రానీయ్..."

కళ్లు మసకబారి ఆయనకు వ్యాను కనిపించడం లేదు. అయినా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ పిల్ల మళ్లీ వ్యాను ఎక్కి, అద్దంలో తండ్రిని చూసుకుంటూ, ఒక్క ఊపులో సరిగ్గా పెట్టేసింది.