తెల్లబట్టల వాళ్ళ అధ్యాయం

"దీన్ని కళ్ళారా చూసిందెవరు?"

వెనకనుంచి వచ్చిన ప్రశ్నకు హయ్యాన్ కలం తడబడింది. సమర్‌ఖండ్‌లో చరిత్ర రాస్తున్న ఉస్తాద్ ముతర్రిఫ్ దగ్గర అతను లేఖకుడు. వెనక నిలబడింది కాగితాలు చేసేవాళ్ళ అమ్మాయి మాహక్. చేతిలో కాగితాల కట్ట, కళ్ళలో నిప్పులు.

"ఏది?"

"ఇదిగో. 'కొండకోటలో చేరి ఖలీఫా మీద తిరగబడ్డ తెల్లబట్టల వాళ్ళు మతం చెడినవాళ్ళు, పెళ్ళాలను కూడా పంచుకునేవారు.' ఎవరు చూశారు?"

"సైన్యంలో ఒకాయన కొడుక్కి చెప్పాడు, ఆ కొడుకు ఇంకొకాయనకి..."

"వాళ్ళని నరకడానికి వెళ్ళినాయనా? భలే సాక్షి! మా అవ్వ పదేళ్ళప్పుడు ఆ కోటలోనే ఉంది. అడిగే ధైర్యం ఉందా?"

ధైర్యం సంగతేమోగానీ, ఆ కళ్ళని మళ్ళీ చూడాలనిపించింది. మర్నాడే వెళ్ళాడు.

అతని ప్రశ్న విని అవ్వ పడీపడీ నవ్వింది.

"పంచుకోవడానికి రొట్టెలే లేవు నాయనా, ఇక పెళ్ళాలా? సైన్యం కోటని చుట్టుముట్టాక చెప్పుల తోలు ఉడకబెట్టుకు తిన్నాం. ముసుగు వేసుకుని మమ్మల్ని నడిపించిన ఆయనే దేవుడని మా నాన్న నమ్మాడు. నాకు ఆకలి తప్ప ఏం తెలీదు. మా అమ్మ అక్కడే పోయింది."

నవ్వు ఆగిపోయింది. మాహక్ అవ్వ చేయి పట్టుకుంది.

ఆ తర్వాత కూడా హయ్యాన్ ఏదో సందేహం వెంటేసుకుని వెళ్తూనే ఉన్నాడు.

"ఇవాళేంటి?" అంది మాహక్.

"కోటకి ఎన్ని తలుపులో..."

"నిన్నా అదే అడిగావు!"

చివరికి అంతా రాసి గురువు ముందు పెట్టాడు. తిరుగుబాటుదారులను వెనకేసుకొచ్చానని పంపించేస్తారేమోనని భయపడ్డాడు.

ముతర్రిఫ్ రెండుసార్లు చదివాడు. "నీకూ ఆవిడకీ మధ్య ఎవరున్నారు?"

"ఎవరూ లేరు ఉస్తాద్. ఆవిడ నోటితోనే విన్నాను."

"నాకు చేరిన కథ నాలుగు నోళ్ళు దాటి వచ్చింది. దాన్ని కొట్టెయ్యను. కానీ ఇది ముందు రాయి. చదివేవాళ్ళే తేల్చుకుంటారు."

హయ్యాన్ అమ్మయ్య అనుకునేలోపే, "ఇంత చిన్న కథకి ఏడుసార్లు వెళ్ళావట!" అన్నాడు గురువు.

"అవ్వ... నెమ్మదిగా చెబుతారండీ."

"మనవరాలో?"

హయ్యాన్ చెవులు ఎర్రబడ్డాయి.

శుక్రవారం నమాజు అయ్యాక ఉస్తాదే హయ్యాన్‌ని వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వెళ్ళాడు. మాహక్ తండ్రి ముఖం పాలిపోయింది.

"మేం ఆ కోటలోవాళ్ళ సంతతని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. తెలిసే అడుగుతున్నారా?"

"తెలిసే. మీ అమ్మగారి మాట నా పుస్తకంలో గౌరవంగానే ఉంది."

ఆ పెద్దమనిషి గుండెల మీంచి ఏళ్ళనాటి బరువు దిగింది. ఖర్బూజా ముక్కలు తెమ్మని లోపలికి కేకేశాడు.

ముక్కలు రాలేదు. తెర వెనకనుంచి గొంతు వచ్చింది. "అందరూ అందర్నీ అడిగారు. నన్నే ఎవరూ అడగలేదు."

హయ్యాన్ లేచి నిలబడ్డాడు. "మాహక్... నన్ను చేసుకుంటావా?"

"చేసుకుంటా! త్వరగా అడగొద్దూ? ఇక్కడ ఉక్కపోసి చస్తున్నా!"