గుండ్లకమ్మ కాని వాగు

“మునగందే బాప్తిస్మం ఏందమ్మా! పూలమొక్కకు చల్లినట్టు నాలుగు చుక్కలు చల్లితే పాపాలు పోతయ్యా?”

దీవెనమ్మ అన్నం కంచం పక్కకు నెట్టేసింది. కోడలు కెజియా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళోని ఆ ఇరుకు అపార్ట్‌మెంట్‌లో, ఎనభై నాలుగో సంవత్సరపు వేసవి సాయంత్రం, పులుసు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు!

ఒంగోలు బాప్తిస్టులకు బాప్తిస్మమంటే నిలువెత్తు నీళ్ళు. కెజియా పుట్టింటివాళ్ళయిన గుంటూరు లూథరన్లకు గిన్నెడు చాలు. ఈ రెండు నీళ్ళ మధ్యా ఇరుక్కున్న రవికుమార్ మాత్రం తల్లికీ పెళ్ళానికీ దొరక్కుండా ఇన్నేళ్ళూ ఒళ్ళు తడవకుండా తప్పించుకున్న ఘనుడు! ఆ ఘనత వల్ల కూతురు లిల్లీ పదమూడేళ్ళు వచ్చినా ఏ బాప్తిస్మమూ లేకుండా మిగిలింది.

“నేను ఊరెళ్ళేలోగా తల్లీ కూతుళ్ళిద్దరూ పారే నీళ్ళలో మునగాల. లేకపోతే ఈ గడప మళ్ళీ తొక్కను!” అంది దీవెనమ్మ.

“చర్చిలో తొట్టి ఉంది గదమ్మా, వేడినీళ్ళు కూడా వస్తాయి...” అన్నాడు రవికుమార్.

“స్నానానికా, రక్షణకా? నేను మునిగిన్నాడు గుండ్లకమ్మ ఏట్లో చేపలన్నీ తలలెత్తి ఆమెన్ అన్నయ్! ఒక బొచ్చె చేపైతే స్తోత్రం కూడా చెప్పింది!”

ఆ మాటంటూనే దీవెనమ్మ గొంతు మెత్తబడింది. ఇసుకలో తీసిన చెలమలు, బారులుగా తెల్లచీరల ఆడవాళ్ళు, తాటాకుల చాటున తడి జుట్టు పిండుకోవడం, ఒడ్డున పంచిపెట్టిన సజ్జరొట్టెల కమ్మదనం... ఎంత దూరంలో ఉండిపోయాయి అవన్నీ!

కెజియా కళ్ళు తుడుచుకుంది. “లిల్లీ బాప్తిస్మం మీ ఇష్టప్రకారమే చేయిద్దాం అత్తయ్యా. నన్ను మాత్రం మళ్ళీ మునగమనకండి. మా అమ్మ మంచంలో ఉండగా, ఆమె ఒళ్ళోనే నాకు బాప్తిస్మమిచ్చారు. పాస్టరు అయ్యగారు చల్లిన నీళ్ళు నా నుదుటిమీంచి అమ్మే తుడిచిందట... ఆ వారమే పోయింది. ఆమె చెయ్యి నామీద పడిన గుర్తు అదొక్కటే! అది బాప్తిస్మం కాదంటే నాకిక అమ్మే లేనట్టు...”

దీవెనమ్మ ముఖం తిప్పుకుంది.

అపార్ట్‌మెంట్ల వెనక ఒక వాగుంది; పారే నీళ్ళంటే అవేనంది దీవెనమ్మ. పేరుకే వాగు! అందులో పడున్న టైర్లతో ఒక లారీని నడపొచ్చు, తుప్పుపట్టిన షాపింగ్ బండ్లతో ఒక బజారే పెట్టొచ్చు. లిల్లీ ముక్కు మూసుకుని, “నో వే! నానమ్మా, ఇట్స్ సో డర్టీ!” అంటూ పారిపోయింది.

మర్నాటి నుంచి ఆఫీసు నుంచి రాగానే కెజియా చీర ఎగదోపి వాగులోకి దిగడం మొదలుపెట్టింది. సీసాపెంకులు, డబ్బాలు, బురద... ఒక్కొక్కటే ఒడ్డుకు మోసింది. బాల్కనీలోంచి దీవెనమ్మ, “ఎవరికి చూపించడానికో!” అని గొణిగేది. పక్కింటి నళిని రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని వచ్చి, “మీ దేవుడికైనా మా దేవుడికైనా చెత్త చెత్తే గదా వదినా!” అంటూ తనూ దిగింది. ఆమె వెనక రవికుమార్, చివరికి లిల్లీ కూడా! వేసవి వెళ్ళిపోయేసరికి అడుగున గులకరాళ్ళు కనిపించాయి. ఊరి అధికారుల అనుమతి తీసుకున్నాడు రవికుమార్. నీళ్ళు పరీక్ష చేయించి, దిగవచ్చన్నాకే పాస్టరుగారిని పిలిచాడు.

ఆ ఆదివారం లిల్లీ తెల్లగౌనులో మునిగి లేచింది. “థాంక్యూ జీసస్! ఇట్స్ ఫ్రీజింగ్!” అని అరిచింది. అందరూ నవ్వారు, దీవెనమ్మ తప్ప! ఆమె వాగులోకి దిగబోయి, మోకాళ్ళు సహకరించక ఒడ్డునే కూలబడింది. కెజియా పరుగున వచ్చి పట్టుకుంది. అప్పుడు చూసింది దీవెనమ్మ... కోడలి అరచేతుల నిండా మానీమానని గాట్లు!

“ఏందే ఇయ్యి?”

“పెంకులు గీసుకున్నాయి అత్తయ్యా. లిల్లీ కాళ్ళకు తగలకూడదు గదా.”

దీవెనమ్మ ఆ చేతుల్ని తన బుగ్గలకు ఆనించుకుని భోరుమంది! “రక్షణంతా ఈ చేతుల మీద రాసుంటే నేనెక్కడ వెదుకుతున్నానే తల్లీ! పైనుంచి చూస్తూ ఎన్ని మాటలన్నానే...”

కాసేపటికి తేరుకుని, “నేను దిగలేను. నువ్వే తీసుకురా, దోసిట్లో” అంది.

కెజియాకు అర్థం కాలేదు. అయినా తెచ్చింది. దీవెనమ్మ నెత్తిమీది కొంగు తీసి, నెరిసిన తల వంచింది.

“చల్లవే... మీ అమ్మ ఒళ్ళో నీకిచ్చినట్టే, నాక్కూడా నాలుగు చుక్కలియ్యి.”

కెజియా దోసిలి వంచింది. నీళ్ళు నెరిసిన జుట్టు మీద పడి నుదుటికి జారాయి. దీవెనమ్మ వాటిని తుడుచుకోలేదు. కోడలి నుదుటిని తన నుదుటికి ఆనించుకుని, ఇద్దరికీ కలిపి ఒకే కొంగుతో తుడిచింది.

ఆపైన దీవెనమ్మ ఒంగోలులో చాలా ఏళ్ళు బతికింది. గుండ్లకమ్మ కథ ఎవరడిగినా, “అమెరికా చేపలు గూడా ఆమెన్ అన్నయ్! ఇంగ్లీషులో అన్నయ్ గాబట్టి నాకు సగమే అర్థమైంది” అనేది. నవ్వేవాళ్ళు నవ్వేవారు. అప్పుడు గొంతు తగ్గించి, “చేపల సంగతి అబద్ధమనుకున్నా పర్లేదు. ఆ వాగును మా కోడలు చేత్తో కడిగింది. అది మాత్రం నిజం” అనేది.