కోసేసిన ఊపిరి

సాయంత్రం ఆరున్నరకల్లా అతను రెస్టారెంటు మూలన కీబోర్డు స్టాండు విప్పుకుని, వైర్లు ఎవరి కాలికీ తగలకుండా టేపు అంటించి, పక్కన రెండో కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అయినా వెయ్యాలి, దాని ముందొక మైకు పెట్టాలి. బయట బోర్డు మీద "కీబోర్డు, ఫ్లూటు... మీ కళ్లెదుటే సంగీతం" అని రాసుంది మరి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ కుర్చీలో ఫ్లూటూ అంతే. ఫ్లూటంతా కీబోర్డు వెనకాల గుచ్చిన పెన్ డ్రైవులో ఉంది.

తినేవాళ్లు ఎవరూ అడగరు. ప్లేట్ల చప్పుడు మధ్య పాటొకటి వినబడుతుంటే చాలు వాళ్లకి. ఆగినప్పుడు మాత్రమే తలెత్తి చూస్తారు. పదిహేనేళ్లుగా అతని బతుకు ఇదే. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, షాపుల ప్రారంభోత్సవాలు. అందులో పద్నాలుగేళ్లు ఆ రెండో కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు.

ఆయన్ని అతను అన్నయ్యా అని పిలిచేవాడు. ఈ పని నేర్పింది ఆయనే. మొదటి ప్రోగ్రాముకి తన చొక్కా ఇస్త్రీ చేసి తొడిగిందీ ఆయనే. తర్వాత ఆయనకి ఊపిరితిత్తులు చెడ్డాయి. వేళ్లు చెడలేదు, స్వరం చెడలేదు. పల్లవికీ చరణానికీ మధ్య మాత్రం మైకులో "హ్హా..." అని ఈల కలిసిన ఎగశ్వాస వినబడేది. ఒక మేనేజరు మొహం చిట్లించి, "భోజనాల దగ్గర ఆ చప్పుడేంటండీ?" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని మనవాడు చేసిన నిర్వాకం చూడండి. ప్రాక్టీసు కోసమని చెప్పి, ఆయన ఇంట్లోనే కూర్చుని, ఎవరికీ తెలియకుండా పన్నెండు పాటలు రికార్డు చేశాడు. తన గదికెళ్లి, లాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఊపిరి వినబడిన ప్రతిచోటా కోశాడు. అతుకు తెలియకుండా, ఓపిగ్గా, మూడు వారాలు. ఆ తర్వాత ఫోను చేసి, "ప్రోగ్రాములు లేవన్నయ్యా. ఉంటే నీకు చెప్పనా?" అన్నాడు.

ఎనిమిది నెలలు అదే మాట. పెద్దాయన మాత్రం రోజూ సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని, ఫ్లూటుకి నూనె రాసి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేవాడట. ఆ సంగతి ఆయన పోయాక వదిన చెప్పింది. చెప్పి, "ఆయన వాయించింది ఎక్కడైనా ఉందా నాయనా? ఒక్క పాటైనా?" అని అడిగింది.

ఉందంటే, ఎందుకు చేశావని అడుగుతుంది. "లేదొదినా," అన్నాడు, గబగబా చెప్పులు వేసుకుంటూ.

అది జరిగి ఇరవై రోజులైంది. ఆ "లేదు" ఇప్పటికీ గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడే ఉంది.

ఆ సాయంత్రం మొదటి పాట బాగానే నడిచింది. రెండో పాటలో పల్లవి అయింది. కోసిన చోటు వచ్చింది.

"హ్హా..."

అతని వేళ్లు తడబడ్డాయి. ఎక్కడో ఒకటి మిగిలిపోయిందేమో అనుకున్నాడు. మిగల్లేదని అతనికి తెలుసు, ఈ పాట కొన్ని వందలసార్లు విన్నాడు. చరణం చివర మళ్లీ వచ్చింది. ఈసారి స్పీకర్లోంచి కాదు.

పక్కనుంచి.

దగ్గుమందు వాసన... ఫ్లూటుకి రాసే నూనె వాసన...

తల తిప్పకూడదు అనుకుంటూనే తిప్పాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. మైకు జాలీ మీద మాత్రం ఆవిరి పట్టింది. చూస్తుండగానే చెమ్మ చుక్కకట్టి, జారి, నేల మీద పడింది.

చేతులు వాయిస్తూనే ఉన్నాయి. అలవాటుపడ్డ చేతులు, ఇల్లు తగలబడుతున్నా వాయిస్తాయి. ఎడమ చెయ్యి వెనక్కి పోనిచ్చి పెన్ డ్రైవు లాగేశాడు.

ఫ్లూటు ఆగలేదు.

ఇంకో పాటలోకి వెళ్లింది. అది ఆ పన్నెండింటిలో లేదు. పదిహేనేళ్ల కిందట ఆయన తనకి కీబోర్డు మీద మొట్టమొదట నేర్పిన పాట. ఎగశ్వాస వచ్చినప్పుడల్లా అతని గుండెల్లో గాలి ఖాళీ అవుతోంది. ఎవరో తనలోంచే పీల్చుకుంటున్నారు... కళ్ల ముందు దీపాలు మసకబారాయి. చెవి పక్కన గుసగుస.

"ప్రోగ్రాములు... లేవన్నావు కదరా... తమ్ముడూ..."

ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే ఉంది. భయం మాట అటుంచి, అతనికి తల కొట్టేసినట్టయింది. అంతమంది ముందు సిగ్గుతో చచ్చి సున్నమయ్యాడు. ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ తింటున్నారు.

పాట ఆగింది. వెయిటరు వంగి మెచ్చుకోలుగా అన్నాడు. "ఇవాళ ఫ్లూటు ప్రాణం పెట్టి వాయించినట్టుంది సార్."

అతను కీబోర్డు అక్కడే వదిలేసి, లాప్‌టాప్ బ్యాగు మాత్రం తీసుకుని, తిన్నగా వదిన ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాడు. రికార్డింగు, కోత, ఎనిమిది నెలల అబద్ధం, ఇరవై రోజుల అబద్ధం. ఆవిడ తిట్టలేదు. తిడితే కాళ్ల మీద పడదామని వచ్చినవాడికి ఆ ఆసరా కూడా దొరకలేదు.

"ఏదీ, పెట్టు," అంది.

పెట్టాడు. పాట వచ్చింది. కోసిన పాటే, శుభ్రంగా, ఎక్కడా ఊపిరి లేకుండా. ఆవిడ గోడకి చెయ్యి ఆనించి చివరిదాకా విన్నది.

"ఇది ఆయన కాదు," అంది నెమ్మదిగా. "వేళ్లు ఆయనవే. ఊపిరేది నాయనా? దాన్నేం చేశావు?"

కోసేశానొదినా అని చెప్పడానికి నోరు తెరిచాడు. గుండెల అడుగునుంచి ఈల కలిసిన గాలి ఒకటి పైకి వచ్చింది.

"హ్హా..."

వదిన తలెత్తింది. ఆవిడ మొహంలో ఇరవై రోజుల బరువు దిగిపోయింది. కొంగు సర్దుకుని దగ్గరికొచ్చింది. అతనికేసే చూసింది, కానీ అతన్ని చూడలేదు.

"ప్రోగ్రాము అయిపోయిందా అండీ?" అంది. "కూర్చోండి. వేడినీళ్లు తెస్తాను."

నేనొదినా, నేను... అనాలనుకున్నాడు. పెదవులు కదల్లేదు, సన్నగా గుండ్రంగా బిగుసుకుని ఉన్నాయి. చేతులు రెండూ వాటంతటవే కుడిపక్కకి లేచి, లేనిదాన్ని దేన్నో పట్టుకున్నాయి. వేళ్లు ఒకటొకటిగా సర్దుకున్నాయి.

అతనికి ఫ్లూటు రాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు.