ఇరవై అడుగుల దూరం

తొమ్మిది దాటింది. జట్కా రాలేదు.

బండ్ల మీద పన్ను పెంచారని రాజమహేంద్రవరంలోని జట్కావాళ్ళందరూ ఆ ఉదయమే సమ్మె కట్టారు. గుర్రాలు హాయిగా గడ్డి మేస్తున్నాయి. ప్లీడరు సూర్యప్రకాశంగారి ఏకైక పుత్రిక లలితాంబ మాత్రం, పట్టు పరికిణీలో, సింహాసనం పోగొట్టుకున్న మహారాణిలా అరుగు మీద నిలబడింది.

పది గంటలకు బడికి ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. ఆయన ముందు పద్యం చదివే గౌరవం లలితాంబది. సమయానికి చేరకపోతే అది మాణిక్యాంబకు పోతుంది. నెల రోజులుగా ఆ పద్యాన్ని గోడలకూ, పెరట్లో ఆవుకూ వినిపించింది. కానీ పదేళ్ళ జీవితంలో బడికి ఒక్కనాడూ నడిచి వెళ్ళలేదు.

"చేపలోయ్! బొమ్మిడాయిలోయ్!"

వీధి చివర రోజూ వినిపించే కేక. తల్లి గబగబా గుమ్మం దిగింది.

"ఇదిగో, చేపలామే! మా అమ్మాయిని బడి దగ్గర దింపుతావా?"

"దాందేముందండీ, ఆ దారినేగా పోయేది. రండి అమ్మాయిగోరూ, నా ఎనకాలే."

లలితాంబ వెనకాలే నడిచింది, ఇరవై అడుగుల వెనకాలే. పట్టు పరికిణీకి చేపల వాసన సోకితే వంశప్రతిష్ఠ ఏమైపోవాలి? ముక్కు మూసుకుని, యుద్ధాన్ని దూరం నుంచి నడిపించే సేనానిలా సాగింది.

అయినా ఆ నడకను మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. చేపలామె నెత్తిమీది బుట్టకు చెయ్యి ఆన్చదు. ఈ సందులో దూరి ఆ సందులో తేలుతుంది. జట్కా చుట్టి వచ్చే పేటను పెరటిదారిన దాటేస్తుంది. గుమ్మం గుమ్మానికీ ఆమెకు పలకరింపులే.

ఒక గుమ్మం దగ్గర బుట్ట ఖాళీ అయింది. చేపలు లేనప్పుడు కేక ఎందుకు? కేక ఆగిపోయింది. సేనాని మలుపు తిరిగి చూస్తే ఎదురుగా మూడు సందులు. మూడింట్లోనూ ఆమె లేదు.

పిలుద్దామంటే పేరు తెలియదు. ఊహ తెలిసిన నాటి నుంచీ వింటున్న గొంతు. పేరు ఎప్పుడూ అడగలేదు. పది కావస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చివరికి, ఇన్‌స్పెక్టరుగారి కోసం దాచుకున్న కంఠమంతా బయటికి తీసింది.

"చేపలోయ్! బొమ్మిడాయిలోయ్!"

మూడు కిటికీలు తెరుచుకున్నాయి. ఒక ముసలమ్మ పట్టు పరికిణీని ఎగాదిగా చూసి, "ఎంతకిస్తావే?" అంది.

సందు చివరి నుంచి చేపలామె పరుగున వచ్చింది.

"నా బేరం ఎవరు లాగేత్తన్నారా అనుకున్నాను! మీరా? గొంతు బావుందండోయ్. రేపట్నించి బుట్ట మీకే ఇచ్చేత్తాను."

లలితాంబ ఏడుపూ నవ్వూ కలిపి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ పేరేంటండీ?"

చేపలామె నవ్వింది. "ఈ ఈదుల్లో ఇన్నేళ్ళుగా తిరుగుతన్నాను, ఎవరూ అడగలేదమ్మా. మరిడమ్మ."

పదికి సరిగ్గా బడి చేరారు. ఇన్‌స్పెక్టరుగారు పదకొండుకు వచ్చి లలితాంబ పద్యం విన్నారు, మోకాళ్ళ దాకా బురదతో. ఆయనా సందుల్లో దారి తప్పారట. పాపం, "చేపలోయ్" అని అరవాలని ఆయనకు తోచలేదు.

మూడో నాటికి సమ్మె ముగిసింది. జట్కా గుమ్మంలోకి వచ్చింది. వీధి మలుపులో బుట్ట కనబడగానే లలితాంబ బండిలోంచి కిందికి దూకింది.

"మరిడమ్మగారండీ! ఆగండి, నేనూ వస్తున్నాను!"

"అమ్మాయిగారూ, సమ్మె అయిపోయిందండీ!" అన్నాడు బండి తోలే గంగయ్య, తెల్లబోయి.

లలితాంబ అప్పటికే మరిడమ్మ పక్కన, బుట్ట నీడలో నడుస్తోంది. ఇరవై అడుగుల వెనక, ఖాళీ జట్కా వచ్చింది.