నలుపే, అయినా బాగా పొడుగు

ఆదివారమైనా సరే, పొద్దున ఏడింటికల్లా పాత్రల అంగడి తలుపు తీసే కేశవులు ఆ ఆదివారం తీయలేదు. తిరువళ్ళూరులో వాళ్ళ వీధికి ఇది చిన్న విషయం కాదు. పక్కింటివాళ్ళు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఎదురింటి ఎల్లప్ప అయితే గొంతు తగ్గించి, "ఎవరైనా పోయినారా?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. మేమే పోతా ఉండాము, పళవేర్కాడుకి. పడవెక్కి పక్షులు చూసేదానికి," అన్నాడు కేశవులు, ఏదో తప్పు చేసినవాడిలా.

ఆ కోరిక ఆయనది కాదు, భార్య వల్లియమ్మది. పళవేర్కాడు సరస్సులో, అదే పులికాట్‌లో, గులాబిరంగు కొంగలు వేలకు వేలు దిగుతాయని పెళ్ళయిన కొత్తలో ఎవరో ఆమె చెవిన వేశారు. పూనారై అంటారట వాటిని. అప్పటినుంచి ఏటా అడగడం ఆమె వంతు, "వచ్చే ఏడు చూస్తాంలే" అనడం ఆయన వంతు. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. ఇన్నాళ్ళకు ఆ వచ్చే ఏడు వచ్చింది.

వల్లియమ్మ వంటింట్లో పులిహోర కలుపుతోంది. కూతురు శ్రీవాసవి మాత్రం, చార్జింగ్ పెట్టమని నాయన ఇచ్చిన ఫోను పట్టుకుని నిలువునా కొయ్యబారిపోయింది. ఇరవై ఐదేళ్ళ పిల్ల, అంబత్తూరులో ఉద్యోగం, ఒకరి ఫోను చూడకూడదని తెలియనిది కాదు. కానీ తెర మీద "పాప" అన్న మాట కనబడింది. ఆ ఇంట్లో పాప అంటే తనే. ఇంక చూడకుండా ఉండడానికి ఆమె ఏమన్నా సన్యాసినా?

కేశవులు చదివింది తమిళ బడిలో. మాట తెలుగు, రాత తమిళం. ఫోనులో తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో కొడతాడు. కూతురూ అంతే, ఆ వీధిలో సగం మందీ అంతే. పొన్నేరిలో ఉండే నటరాజు, వల్లియమ్మకు వరసకు అన్న. నిన్న ఆయనకు కేశవులు పంపిన సందేశాన్ని శ్రీవాసవి ఇలా చదువుకుంది:

"బావా, రేపు కొడుకు లేకుండా రావద్దు. పాప కోసరమే. పాపకు మాత్రం చెప్పొద్దు, అలుగుతుంది."

దానికి నటరాజు జవాబు: "కొడుకు రెడీ బావా. సింగపూరు నుంచి వచ్చి నెలే. నలుపే, అయినా బాగా పొడుగు. ఎంత గాలికైనా వంగే రకం కాదు."

శ్రీవాసవికి ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలల కిందట మూడో సంబంధం తప్పిపోయినప్పుడు నాయన ఆమెను అంగడికి పిలిచి, తక్కెడ మీద చేయి పెట్టి మాటిచ్చాడు. "నువ్వుగా చెప్పేదాకా ఏ అబ్బాయినీ నీకు చూపించను పాపా." తక్కెడ ముట్టుకుని అబద్ధమాడితే అంగడి నిలవదని ఆయన తాతల నాటి నమ్మకం. అలాంటి మనిషి, పక్షుల పేరు చెప్పి పెండ్లిచూపులకు తీసుకుపోతాడా?

అసలు భయం వేరే ఉంది. ఆఫీసులో ముకేశ్ అనే అబ్బాయిని ఆమె రెండేళ్ళుగా ఇష్టపడుతోంది. కవరైపేట్టైలో వరి పండించే ఇంటివాడు. వాళ్ళది మడి, వీళ్ళది అంగడి. కులం వేరు. ఇంట్లో ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అంటూ నాన్చి నాన్చి ఇంతదాకా తెచ్చుకుంది. పెరట్లోకి పోయి అతనికి ఫోను చేసింది.

"పది గంటలకు పళవేర్కాడు పడవల రేవులో ఉండాల. లేదంటే నా పెండ్లికి భోజనానికి వద్దువుగానీలే."

"ఏమైంది? ఎవరి పెండ్లి?" అంటూ ఉండగానే ఫోను పెట్టేసింది.

పదింటికి రేవులో నటరాజు నిలబడి ఉన్నాడు, చంకలో బరకపట్టా చుట్టిన పొడుగాటి మూటతో. వెంట ఎవరూ లేరు. కాస్త అవతల బైకు దిగి చెమట తుడుచుకుంటున్నాడు ముకేశ్.

"మా ఆఫీసాయన నాయినా. ఈయన కూడా పక్షులు చూసేదానికే వచ్చినాడంట," అంది శ్రీవాసవి. అతను అవునన్నట్టు, కాదన్నట్టు రెండు విధాలుగా తలూపాడు.

"అయితే వేరే పడవెందుకు? రా బాబూ, చోటుండాది. పులిహోర కూడా ఉండాది," అన్నాడు కేశవులు. ఆ ఆప్యాయతకు శ్రీవాసవికి ఇంకా మండింది.

పడవవాడు గోపాలన్ మోటారు తిప్పాడు. సరస్సు మీద చల్లగాలి. నీళ్ళలో నాటిన కట్టెల మీద గూడబాతులు బొజ్జలు వేసుకుని కూర్చున్నాయి. "ఇదేనా పూనారై?" అని కనబడ్డ ప్రతి కొంగనూ వేలుపెట్టి అడుగుతోంది వల్లియమ్మ. అరగంట పోయాక గోపాలన్ మోటారు ఆపి గెడ పట్టుకున్నాడు. దూరంగా నీళ్ళ మీద పరిచిన గులాబిరంగు దుప్పటిలా పక్షులు. "సత్తం పోడాదీంగ," అన్నాడు నోటిమీద వేలు వేసి. చప్పుడైతే అన్నీ లేచిపోతాయట.

అప్పుడే కేశవులు గుసగుసగా, "బావా, తెచ్చినావా?" అన్నాడు.

"తేకుండా ఉంటానా? ఇప్పుడే చూపించేదా, దిబ్బ కాడికి పోయినాకనా?"

దిబ్బ అనగానే శ్రీవాసవి దూరంగా నీళ్ళ మధ్య తేలిన ఇసుకదిబ్బ వైపు చూసింది. నిజమే! దిబ్బ అంచున నల్లగా, పొడుగ్గా, చేతులు చాపి ఎవరో నిలబడి ఉన్నారు.

"చాలు నాయినా, పడవ తిప్పమను," అంది. కోపం కొండంత, గొంతు మాత్రం గుసగుస. "నేను ఆయన్ని చూడను."

"ఎవరిని?"

"ఆ దిబ్బ మీద నిలబడుండే నటరాజు మామ కొడుకుని!"

నటరాజు కళ్ళు చికిలించి చూశాడు. "అది నీటికాకి పాపా. గుంజ మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటా ఉండాది. మావాడు వారం కిందటే సింగపూరుకు వెళ్ళిపోయినాడే!"

"మరి కొడుకు రెడీ అని మీరే కదా రాసినారు? అంతా చదివినాను. నాకు ఎవరినీ చూపించే పని లేదు. నాకు ఈయన ఉండాడు," అని ముకేశ్ వైపు వేలు చూపింది. ముకేశ్ నోట్లో పులిహోర ఉంది. మింగలేడు, కక్కలేడు.

కేశవులు ఫోను తీసి, ముక్కుకు ఆనించుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత ఫోను కూతురి చేతిలో పెట్టాడు.

"తమిళంలో క అన్నా గ అన్నా ఒకటే అక్షరం కదా పాపా. అది కొడుకు కాదు. గొడుగు."

నటరాజు బరకపట్టా విప్పాడు. లోపల గొడుగు. సింగపూరుది, నల్లటిది, మనిషంత పొడుగు.

గోపాలన్‌కు తెలుగు సగమే వచ్చినా విషయం మొత్తం అర్థమైంది. నవ్వు ఆపుకోలేక గెడ మీదికి వంగిపోయాడు. శ్రీవాసవికి సరస్సులో దూకుదామా అనిపించింది. దూకినా మోకాటి లోతే.

"ఎండలో నీకు తలనొప్పి వస్తుంది కదా. ముందే చెప్తే చిన్నపిల్లనా అని అలుగుతావు. అందుకని చెప్పొద్దన్నాను," అన్నాడు కేశవులు. ఆయన నవ్వడం లేదు. "అక్షరం తప్పు చదివినావు, సరే. మీ నాయనను కూడా తప్పు చదివినావే! తక్కెడ మీద పెట్టిన చేయి ఇది. పక్షులని చెప్పి నిన్ను మోసం చేస్తానా?"

చివరి మాట గుసగుస దాటి కేకయింది. అంతే, పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. వేల రెక్కల కింద దాగిన ఎరుపంతా ఆకాశంలోకి విచ్చుకుంది. పడవలో అందరూ నోళ్ళు తెరుచుకుని తలలెత్తారు. ఆ ఎరుపు వాళ్ళ మీదుగా ఒక చుట్టు తిరిగి అవతలి నీళ్ళలో దిగింది.

వల్లియమ్మ కళ్ళు తుడుచుకుంది. "అరిస్తే అరిచినారు గానీ, ఇరవై ఎనిమిదేళ్ళ కోరిక తీర్చినారు. ఇంక ఆ పిల్లను ఏమీ అనొద్దండీ."

శ్రీవాసవి అప్పటికే వెక్కి వెక్కి ఏడుస్తోంది. "భయపడినాను నాయినా. ఆయన సంగతి చెప్తే నువ్వు వద్దంటావేమోనని. వద్దంటే ఏమి చేసేదో తెలీక..."

"వద్దంటానో లేదో అడిగితే కదా తెలిసేది." కేశవులు ముకేశ్ వైపు తిరిగాడు. "నువ్వేమి చెప్తావు బాబూ?"

ముకేశ్ పులిహోర మింగి చేతులు కట్టుకున్నాడు. "చెప్పేదానికి నాకు ఏమీ తెలీదయ్యా. పదింటికి రాకుంటే పెండ్లికి భోజనానికి రమ్మనింది. వచ్చేసినాను."

నటరాజు కిసుక్కున నవ్వాడు. కేశవులు మీసాల చాటున నవ్వును నొక్కిపట్టాడు.

"నువ్వు చెప్పేదాకా అని మాటిచ్చినాను. ఇప్పుడు చెప్పినావు," అన్నాడు కూతురితో. "ఇంక నా వంతు. వాళ్ళ ఇంటికి పోతాను, పెద్దవాళ్ళను చూస్తాను. ఇత్తడి బిందె కొనేటప్పుడే నాలుగు తట్లు తట్టి చూస్తాము కదా. ఊరికే ఒప్పేసుకుంటానని అనుకోవద్దు."

ఎండ ఎక్కింది. కేశవులు గొడుగు తీసుకున్నాడు, ఒక్క క్షణం ఆలోచించాడు, దాన్ని ముకేశ్ చేతికిచ్చాడు.

"పట్టుకో. పాపకు ఎండ పడదు."

ముకేశ్ విప్పీ విప్పగానే సముద్రం వైపునుంచి గాలి విసిరింది. వంగే రకం కాదన్న గొడుగు కాస్తా గిన్నెలా తిరగబడింది. నటరాజు మొహం చూడాలి! ముకేశ్ రెండు చేతులా దాన్ని లాగి, సరిచేసి, శ్రీవాసవి తల మీద పట్టాడు. మళ్ళీ తిరగబడింది, మళ్ళీ సరిచేశాడు. విసుక్కోలేదు. అతని తల మాత్రం ఎండలోనే ఉంది. చొక్కా తడిసిపోయింది.

వల్లియమ్మ పక్షులను చూస్తోంది. కేశవులు పక్షులను చూడడం లేదు. చాలాసేపు ఆ అబ్బాయినే చూసి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు కూడా లోపలికి జరుగు బాబూ. గొడుగు పెద్దదే."