కుంకుమ పెట్టిన రికవరీ డిస్కు

జయరాజును నంద్యాల లాడ్జిలో కాల్చి చంపారన్న కబురు విన్నప్పుడు ఏజెంట్ నాపరాయికి ఏమీ అనిపించలేదు. చేతిలోని టీ చల్లారిపోయిందని మాత్రం తెలిసింది. జయరాజు అతనితో ఒకే కంచంలో తిన్నవాడు.

నాపరాయి అసలు పేరు గుర్రప్ప. బేతంచెర్ల బండ మీద ఏం పోసినా ఇంకదు, ఇతని మీద ఏం పడినా అంతేనని డిపార్ట్‌మెంట్ ఆ పేరు పెట్టింది. ఎడమ భుజంలో పాత తూటా ఒకటి అద్దె లేకుండా కాపురముంటోంది. కుడి మీసంలో యాంటెన్నా ఉంది. గట్టిగా తుమ్మితే కడప రేడియో పలుకుతుంది. నమ్మనివాళ్లు మీసం దగ్గర చెవి పెట్టి చూసుకోవచ్చు. ఇంతవరకూ ఎవరూ రాలేదు.

నంద్యాల బస్టాండు మూల చెప్పులు కుడుతున్న ముసలాయన తలెత్తకుండా అడిగాడు.

"బేతంచెర్ల బండలు ఎట్లుంటాయప్పా?"

"నీళ్లు పడితే జారుతాయి."

కోడ్ కుదిరింది. ముసలాయన డిపార్ట్‌మెంట్ చీఫ్.

"నల్లతేలు ముఠా. సరిహద్దు అవతలిది. అవుకు రిజర్వాయర్ గేట్లు కంప్యూటర్‌తో వాళ్ల చేతికి చిక్కినాయి. ఈ సాయంత్రం ఆరుకు ఎత్తేస్తారు. కింద ఊళ్లు ఉండవు."

"ఆపేదెట్లా?"

"ఆపే ప్రోగ్రామ్ జయరాజు కొట్టుకొచ్చినాడు. ఆళ్లగడ్డలో మౌనాచారి అనే శిల్పి ఇంట్లోకి మెకానిక్ వేషంలో దూరి, ఆ ఇంటి కంప్యూటర్లోనే దాచినాడు. రికవరీ డిస్కులు చేసిస్తానని ఆ ఇంటామెకు మాటిచ్చి, ఖాళీ సీడీలకని నంద్యాలొచ్చినాడు. ఇవి వాని జేబులో దొరికినాయి." చీఫ్ సీడీల పొట్లం చెప్పుల కింద నుంచి జరిపాడు. "శ్రీవాణి కూడా బయలుదేరింది. జాగ్రత్త."

నాపరాయి చల్లారిన టీ తాగేసి బస్సెక్కాడు. భుజంలో తూటా శ్రీవాణి ఇచ్చిందే. పొద్దున మనవైపు, మాపటికి వాళ్లవైపు పనిచేసే డబుల్ ఏజెంట్.

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ఏ రోజైనా ఉలి చప్పుడుకు చెవులు గింగురుమంటాయి. ఆ రోజు చీమ నడిచినా వినపడేలా ఉంది. ఆయుధ పూజ. పనిముట్లన్నీ పీటలెక్కి విశ్రాంతి తీసుకుంటుంటే, రాళ్లను పిండిచేసే మొగవాళ్లు అరుగుల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్కో చెయ్యి రోకలిబండంత.

మౌనాచారి ఇంట్లో శ్రీవాణి ముందే ఉంది. కూలింగ్ గ్లాసులు, జీన్సు ప్యాంటు, వీధి మొదటి దాకా సెంటు వాసన. కంపెనీ సర్వీస్ ఇంజనీర్ వేషం. చేతిలో తళతళలాడే డిస్కు.

"ఇది రికవరీ డిస్కమ్మా. పెడితే కంప్యూటర్ కొన్న రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది" అని తియ్యగా చెబుతోంది.

అంటే హార్డ్ డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. జయరాజు దాచింది కూడా.

"మరి మా మనవడి ఫొటోలు?" అంది మౌనాచారి భార్య కాళికమ్మ. "అవుకులో ఉండాడు, మా పాప కొడుకు. ఇంకా బోర్లా పడల్యా. వాడి మొగం ఆ పెట్టెలోనే చూసుకుంటాండా."

"ఏం కావమ్మా!"

"నేనూ మెకానిక్‌నే. జయరాజు పంపినాడు" అన్నాడు నాపరాయి గడపలో నిలబడి.

"ఎవురైనా ఒకటే. ఈ పొద్దు పనిముట్టు ముట్టకూడదు. రేపు రాండి."

ఉలుల పక్కన కంప్యూటర్ కూడా పసుపు కుంకుమలతో, మెడలో బంతిపూల దండతో పెళ్లికొడుకులా కూర్చుని ఉంది. కాళికమ్మ శ్రీవాణి చేతిలో డిస్కు లాక్కుంది. "ఇదీ పనిముట్టే గదా. ఈడ పెట్టు." గంధం రాసి, నడుమ కుంకుమ దిద్దింది. "నీ నడుములో ఏందప్పా ఆ ఇనుము?"

"పనికి... అప్పుడప్పుడు..."

"పెట్టు మరి."

శ్రీవాణి హ్యాండ్‌బ్యాగు కూడా ఖాళీ అయింది. రెండు పిస్తోళ్లు గొట్టాల నిండా గంధంతో సుత్తుల మధ్య పడుకున్నాయి. దేశదేశాల గూఢచారులు విడిపించలేని ఆయుధాలను కాళికమ్మ అలా విడిపించింది.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భక్ష్యాలు తిన్నారు.

"భుజమెలా ఉంది?" అడిగింది శ్రీవాణి.

"తెలియదు."

"జయరాజును నేను కాల్చలేదు."

"కాల్చినా నాకేమీ అనిపించట్లేదు" అన్నాడు నాపరాయి. అదే నిజం.

ఆరు దగ్గర పడింది. నాపరాయి తన దగ్గరున్న అబద్ధాలన్నీ ఒకసారి తిరగేశాడు. ఒక్కటీ పనికి రాలేదు. లేచి వంటింటి గడప దగ్గరకు పోయి నిజం చెప్పాడు.

"అమ్మా, ఇప్పుడా పెట్టె ముట్టకపోతే అవుకు గేట్లు ఎత్తేస్తారు. నీ మనవడుండేది కిందనే."

కాళికమ్మ ఒక్క క్షణం అతని మొహం చూసింది. తర్వాత కంప్యూటర్ ముందు లెంపలేసుకుని, దండ తీసి, తన వేలితోనే స్విచ్చి నొక్కింది.

శ్రీవాణి చిరుతలా దూకింది. పీట మీది డిస్కు లాక్కుని ట్రేలో తోసింది. నాపరాయి చేయి పట్టుకునేలోపు మీట కూడా నొక్కేసింది. అయిపోయింది. డ్రైవు గర్రుమంది. గురకపెట్టింది. ముక్కింది, మూలిగింది. చివరికి మింగలేక ఊరుకుంది. తెర మీద పాత ఎక్స్‌పీ బొమ్మ యథాప్రకారం వచ్చి నిలిచింది.

శ్రీవాణి డిస్కు బయటికి లాగింది. కుంకుమ మెరిసే వైపే ఉంది.

"ఎవరైనా ఈ వైపు పెడతారా?"

"మొగం కనపడే పక్కే గదమ్మా బొట్టు పెట్టేది!" అంది కాళికమ్మ.

శ్రీవాణి పిస్తోలు వైపు చూసింది. పొద్దుటి నుంచి పెదవి విప్పకుండా అరుగు మీద కూర్చున్న మౌనాచారి లోపలికి వచ్చి పీట ముందు నిలబడ్డాడు. ఆమె నిట్టూర్చి ఇంకో భక్ష్యం అందుకుంది.

జయరాజు ప్రోగ్రామ్ దొరికింది. పాస్‌వర్డ్ అడిగింది. 'నాపరాయి' అని కొట్టాడు. కాదంది. గడియారం ముల్లు ఆరును ఆనుకుంటోంది. ఏళ్లుగా ఒక్క జయరాజే పిలిచే పేరు ఒకటుంది. అది కొట్టాడు. గుర్రప్ప.

తెరుచుకుంది. మోడెం కీచుమంటూ ఫోను లైను పట్టుకుంది. తెర మీద పచ్చటి అక్షరాలు: గేట్లు మూసి ఉన్నాయి.

లైను వదలగానే ఫోను మోగింది. కాళికమ్మ ఎత్తింది.

"పాపా, నీళ్లొచ్చినాయా?"

"యాడ నీళ్లమ్మా! మూడు దినాలాయె, కుళాయి సుక్క రాల్తే ఒట్టు!"

కాళికమ్మ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. ఆ సందట్లో శ్రీవాణి మాయమైంది. నంద్యాల చేరేలోపు మళ్లీ మనవైపు వచ్చేసి ఉంటుంది.

గుర్రప్ప సీడీల పొట్లం విప్పి, జయరాజు మాటిచ్చిన డిస్కులు చేయడానికి కూర్చున్నాడు. డ్రైవులో సీడీ తర్వాత సీడీ బర్న్ అవుతోంది. మధ్యలో భుజం సలుపుతున్నట్టయింది. చాలా ఏళ్లకు.

కాళికమ్మ కుంకుమ భరిణతో వచ్చింది. "ఈసారి యా పక్కప్పా?"

అతను మెరవని వెనక వైపు చూపించాడు. ఆమె డిస్కులకు బొట్లు పెట్టి, అదే వేలితో అతని నుదుట కూడా ఒకటి అద్దింది.

"నువ్వూ పనిముట్టే గదా" అంది. "ఈ పొద్దుకు పండుకో."